తోక మీద కూర్చున్న విమానం

సాయంత్రాలు మా వీధి పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతుంటాను. ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి ఈ మధ్య పాత డకోటా విమానం బొమ్మ చూపించి, "సార్, ఇది ముక్కు పైకెత్తి తోక మీద ఎందుకు కూర్చుంది? ఇప్పటి విమానాలు ఇట్ల ఉండవు గదా" అని అడిగింది. రెండు వాక్యాల్లో జవాబు చెప్పి పంపవచ్చు. అయితే దేవరకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి నా దగ్గర చదువుకున్న శిష్యుడొకడు ఇప్పుడు ఎయిర్‌బస్ ఏ320 నడుపుతున్నాడు. సెలవు పెట్టి అమెరికా వెళ్లి, శిక్షకుడి పక్కన కూర్చుని కొన్నాళ్లు డకోటా నడిపి, దసరాకు నల్లగొండ వచ్చినప్పుడు ఆ ముచ్చట్లన్నీ నాకు చెప్పాడు. అందుకే ఆ ప్రశ్నను నేను తేలిగ్గా వదలలేకపోయాను.

డకోటా అంటే డగ్లస్ డీసీ-3 విమానానికి సైనిక రూపం. మన దేశంలో రెండింటినీ డకోటా అనే పిలిచారు. డీసీ-3 మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబరు 17న. మనకు ఇది పరాయి విమానం కాదు. నిజాం కాలంలో బేగంపేట కేంద్రంగా నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు డకోటాలే. విమానయాన సంస్థలో ఉద్యోగం చేసిన తొలి భారతీయ మహిళా పైలట్ ప్రేమ్ మాథుర్ చేరింది ఆ సంస్థలోనే. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

"నాకు మొదట నొప్పి పుట్టింది పిక్కల్లో సార్" అన్నాడు నా శిష్యుడు. ఏ320లో గాలిలో ఉన్నంతసేపూ పాదాలకు పెద్దగా పని ఉండదు, మలుపులో రడ్డర్ (పెడళ్లతో కదిలే, ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) ఎంత తిరగాలో కంప్యూటరే చూసుకుంటుంది. డకోటాలో అలా కాదు. వెనక తలుపు నుంచి కాక్‌పిట్‌కు గుట్ట ఎక్కినట్టు ఎదురు నడిచి, కుర్చీలో కూర్చుని, పద్నాలుగేసి సిలిండర్ల ఇంజన్లు రెండింటినీ ఒకదాని తరువాత ఒకటి రగిలించిన క్షణం నుంచి, మళ్లీ అవి ఆగేదాకా పాదాలు పెడళ్ల మీద ఆడుతూనే ఉండాలట. ఎందుకో తెలియాలంటే విమానాశ్రయానికి కాదు, వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌కు వెళ్లాలి.

అక్కడ ట్రాక్టర్ డ్రైవర్ బస్తాలు నింపిన ట్రాలీని కాంటా దగ్గరికి రివర్స్‌లో తోస్తుంటాడు. ముందుకు లాగినప్పుడు ఏ ఇబ్బందీ లేదు: ట్రాలీ కాస్త పక్కకు జరిగినా, లాగుడు దాన్ని తిరిగి దారిలోకి తెస్తుంది. వెనక్కు తోసినప్పుడు తీరు మారిపోతుంది. కొక్కెం దగ్గర వేలెడు వంకర వస్తే, ఆ వంకరే తరువాతి తోపును ఇంకా పక్కకు మళ్లిస్తుంది. ఆ మళ్లింపు వంకరను పెంచుతుంది. చివరకు ట్రాలీ ట్రాక్టర్‌కు అడ్డం తిరిగి నిలబడిపోతుంది. ఒకసారి నేను అక్కడే నిలబడి చూస్తుండగా ఒక డ్రైవర్, స్టీరింగ్‌ను అటు గుప్పెడు, ఇటు గుప్పెడు తిప్పుతూ, మెడ వెనక్కు తిప్పిన భంగిమలోనే నాతో అన్నాడు: "అది తిరగకముందే మనం తిప్పాలె సారూ, తిరిగినంక తిప్పితే ఏం లాభం."

డకోటా నేల మీద పరుగెత్తుతున్నంతసేపూ రివర్స్‌లో ఉన్న ట్రాలీయే. దాని రెండు పెద్ద చక్రాలు గురుత్వ కేంద్రానికి ముందు ఉంటాయి. పది టన్నులు దాటే బరువు ఆ చక్రాలను వెనక నుంచి తోస్తూ ఉంటుంది. ముక్కు కొద్దిగా ఎడమకు తిరిగిందనుకోండి. విమానం మొత్తం మాత్రం జడత్వం వల్ల ఇంకా పాత దారిలోనే, అంటే తన ముక్కుకు కుడివైపుగా జారుతూ ఉంటుంది. ఆ జారుడును టైర్లు ఒప్పుకోవు, నేల వాటిని ఎడమకు నెడుతుంది. ఆ నెట్టుడు గురుత్వ కేంద్రానికి ముందు పడుతుంది గనుక, దాని భ్రామకం, అంటే తిప్పే ప్రభావం, ముక్కును మరింత ఎడమకే తిప్పుతుంది. ఇదే నెట్టుడు ఏ320లో గురుత్వ కేంద్రానికి వెనక ఉన్న ప్రధాన చక్రాల మీద పడి, తోకను ఎడమకు నెట్టి, ముక్కును కుడికి, అంటే సరైన దారికి తెస్తుంది. బలం అదే, దిశ అదే. అది ఏ పక్కన పడిందన్న ఒక్క తేడాతో ఒక విమానం తనంతట తాను సర్దుకుంటుంది, రెండోది గిర్రున తిరిగి రెక్క నేలకు కొట్టుకుంటుంది.

పక్కకు వచ్చే బలం వంకరకు అనుపాతంలో ఉంటుంది, ఆ బలమే మళ్లీ వంకరను పెంచుతుంది. ఇది చక్రవడ్డీ లెక్క. ప్రతి సెకనుకూ వంకర రెట్టింపు అవుతుందని లెక్క కోసం అనుకుందాం. ఒక డిగ్రీ వంకరను అర సెకనులో పట్టుకుంటే అది 1.4 డిగ్రీలు, నాలుగు సెకన్లు చూస్తూ కూర్చుంటే 16 డిగ్రీలు. అప్పు చిన్నదిగా ఉన్నప్పుడే తీర్చాలి, అదీ సరిగ్గా ఎంతుందో అంతే తీర్చాలి. పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే ముక్కు మధ్యకు వచ్చి ఆగదు, అటువైపు దాటి అక్కడ కొత్త అప్పు మొదలుపెడుతుంది. అందుకే పాదాలు తొక్కి వదిలి, తొక్కి వదిలి ఆడుతూ ఉండాలి. ట్రాక్టర్ డ్రైవర్ గుప్పెడు గుప్పెడు తిప్పుళ్లు ఇవే.

బోధన గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. భ్రామకం అంటే బలం, లంబ దూరాల లబ్ధం అని మా పిల్లలు తడుముకోకుండా చెబుతారు. ఆ పిల్లల్లోనే కొందరు సెలవుల్లో తండ్రి ట్రాక్టర్‌ను రివర్స్ చేస్తారు. ఈ రెండూ ఒకటేనని వాళ్లకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది. చెరువుకట్ట మీద ట్రాలీ బోల్తా పడితే దిష్టి తగిలిందంటారు, లేదా ఆ మూల మంచిది కాదంటారు. కొత్త బండి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టే వాళ్ల నమ్మకాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ మూలలో కొక్కెం దగ్గర కోణం ఎంత దాటితే బండి తిరగబడుతుందో పిల్లవాడికి చూపించడం మన పని.

టేకాఫ్ పరుగులో డకోటాను ఎడమకు లాగేవి మరికొన్ని ఉన్నాయి. రెండు ప్రొపెల్లర్లూ వెనక నుంచి చూస్తే గడియారం ముళ్ల దిశలోనే తిరుగుతాయి. తోక నేల మీద ఉన్నప్పుడు అవి తిరిగే తలాలు వెనక్కు వాలి ఉంటాయి కాబట్టి, కుడి పక్కన కిందికి దిగే ప్రొపెల్లర్ రెక్క గాలిని ఎక్కువ కోణంతో కోస్తుంది, ఎడమ పక్కన పైకి లేచేది తక్కువ కోణంతో కోస్తుంది. లాగే బలం కుడికి జరుగుతుంది, ముక్కు ఎడమకు పోతుంది. తోక లేచే క్షణంలో ఇది తగ్గుతుంది, కానీ అప్పుడే బొంగరం గుణం అందుకుంటుంది. తిరుగుతున్న చక్రాన్ని ముందుకు వంచితే దాని ఫలితం తొంభై డిగ్రీల తరువాత కనిపిస్తుంది, అంటే మళ్లీ ఎడమకే. ఒకటి వదిలిన చోట ఇంకొకటి పట్టుకుంటుంది. నా శిష్యుడు మొదటి టేకాఫ్‌లో రన్‌వే మధ్యగీతకు రెండు పక్కలా పాములా మెలికలు తిరిగాడట.

దిగడం మరీ కష్టం. వేగంగా ఉన్నంతసేపు రడ్డర్ మీద గాలి బలంగా కొడుతుంది, అది మాట వింటుంది. బాగా నెమ్మదించాక తోక చక్రం నేలను పట్టుకుంటుంది, బ్రేకులూ ఉంటాయి. ప్రమాదమంతా ఈ రెంటి నడుమ ఉంది: గాలి చాలడం లేదు, తోక ఇంకా దిగలేదు, దిగుతున్న తోకకు ముందున్న విమానం దేహం కొంత గాలిని అడ్డుకుంటుంది కూడా. ఆ కొద్ది సెకన్లలో పాదాలతో పాటు ఎడమ బ్రేకు, కుడి బ్రేకు, ఒక్కోసారి ఒక ఇంజన్‌కు చిటికెడు శక్తి, అన్నీ పనిచేయాలి. శిక్షకుడు అప్పుడేమీ మాట్లాడలేదట. పెడళ్లకు అంగుళం దూరంలో తన పాదాలు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడట.

ఇంత తిప్పలు పెట్టే ఏర్పాటును ఎందుకు ఎంచుకున్నారన్నదే ఆ అమ్మాయి అసలు ప్రశ్న. 1930లలో చాలా విమానాశ్రయాలు గడ్డి మైదానాలే. మెత్తటి నేలలో ముందు చక్రం దిగబడితే దాని కాలు విరుగుతుంది. విరగకుండా కట్టాలంటే బరువు పెరుగుతుంది. తోక కింద చిన్న చక్రం చాలు, పైగా ముక్కు ఎత్తులో ఉంటే మూడున్నర మీటర్ల ప్రొపెల్లర్ రాళ్లకూ గడ్డికీ తగలకుండా తిరుగుతుంది. గట్టి రన్‌వేలు వచ్చాక ఆ అవసరం తగ్గింది, డగ్లస్ కంపెనీయే తన డీసీ-4కు ముందు చక్రం పెట్టింది. డకోటాలో తోక చక్రం ఎటైనా తిరుగుతుంది కాబట్టి, పరుగుకు ముందు దాన్ని నేరుగా బిగించే మీట ఒకటి కాక్‌పిట్‌లో ఉంటుంది. ఆ మీట వేశానో లేదో అని నా శిష్యుడు ప్రతిసారీ చేత్తో తడిమి చూసుకునేవాడట.