జున్నుపాలు, కుక్కపిల్ల, మూడో సూది

రాజమండ్రి నుంచి ఒకావిడ ఉత్తరం రాశారు. లాబ్రడార్ పిల్లని 35వ రోజున ఇంటికి తెచ్చుకున్నారట. 45వ రోజున మొదటి సూది, 66వ రోజున రెండో సూది వేయించారు. టీకా కార్డు ఫొటో కూడా పంపారు. రెండు గడుల్లోనూ సీసా మీంచి ఊడదీసిన స్టిక్కర్లు, పక్కన డాక్టరుగారి సంతకం. 75వ రోజు పొద్దున పిల్ల అన్నం ముట్టలేదు. మధ్యాహ్నానికి వాంతులు, రాత్రికి నెత్తుటి విరేచనాలు. పార్వో, కుక్కపిల్లల ప్రాణాల మీదికి తెచ్చే వైరస్ జబ్బు.

"రెండు సూదులు వేయించాక కూడా ఎలా వచ్చిందండీ? అదే ఈతలో పుట్టిన ఇంకో పిల్ల మా ఆడపడుచు వాళ్ళింట్లో ఉంది. అదే డాక్టరుగారు, అవే తేదీలు, అవే సూదులు. అది వీధిలో మట్టంతా నాకుతుంది, దానికేం కాలేదు. మాకు వేసిన మందు నకిలీదా?" అని ఆవిడ ప్రశ్న.

మందు అసలుదే అయినా ఇలా జరుగుతుంది. డాక్టరూ ఆవిడా కూడా ఏ తప్పూ చేయకుండానే జరుగుతుంది. ఉత్తరం చివర ఆవిడ మాటవరసకి రాసిన ఒక వాక్యం ఉంది: "తల్లికి టీకాలన్నీ వేయించామని అమ్మినాయన కార్డు కూడా చూపించాడు." చిక్కంతా అక్కడే ఉంది.

టీకా అంటే ఏమిటి, యాంటీబాడీ అంటే ఏమిటి అని మొదలుపెట్టను. కరోనా రోజుల్లో అందరం ఆ పాఠం విసుగొచ్చేదాకా విన్నాం. నేరుగా జున్ను దగ్గరికి వెళ్దాం.

గేదె ఈనిన రోజు పాలను పొయ్యి మీద పెడితే పాలలా పొంగవు, గడ్డకడతాయి. మామూలు పాలు గంటసేపు కాచినా అలా గడ్డకట్టవు. తేడా అంతా మాంసకృత్తుల్లో ఉంది. ముర్రుపాలలో ఇమ్యునోగ్లోబ్యులిన్లు, అంటే యాంటీబాడీలే, కుక్కి కుక్కి ఉంటాయి. ఆవు మొదటి పితుకులో లీటరుకు 50 గ్రాములు దాటొచ్చు. మామూలు పాలలో ఒక గ్రాము కూడా ఉండవు. వేడి తగలగానే ఈ ప్రోటీన్లు విచ్చుకుని ఒకదానికొకటి చిక్కుపడి, మధ్యలో నీటిని బంధించి ముద్దవుతాయి. మనం బెల్లం, మిరియాలపొడి, యాలకులు వేసుకుని చెంచాతో కోసుకు తినేది సగానికి సగం ఆ దూడకు తల్లి పంపిన రక్షణ సామగ్రి. (చైనా గ్రాస్ వేసి మామూలు పాలతో చేసేదానికి ఈ లెక్క వర్తించదు.)

ఇప్పుడు మా అమ్మమ్మ జున్ను వండే పద్ధతి చూడండి. మొదటి రోజు పాలు గ్లాసుడు తీసుకుంటే రెండు మూడు గ్లాసుల మామూలు పాలు కలిపేది, అయినా గట్టిగా తోడుకునేది. రెండో రోజు పాలకు సమానంగా కలిపితే చాలు. మూడో రోజు పాలను ఏమీ కలపకుండా వండాలి. నాలుగో రోజు వండితే విరుగుడు తప్ప జున్ను రాదు. ఎన్ని గ్లాసుల పాలు కలిపినా ఇంకా తోడుకుంటుందన్నదాన్ని బట్టి ఆ పాల బలం ఆవిడకు తెలిసిపోయేది. ప్రయోగశాలలో రక్తంలోని యాంటీబాడీల బలాన్ని కొలిచేదీ ఇలాగే. రక్తపు నీటిని పది రెట్లు, ఇరవై రెట్లు, నలభై రెట్లు, ఇలా ప్రతిసారీ రెట్టింపు పలచన చేసుకుంటూ పోతారు. ఎంత పలచన చేసినా ఇంకా వైరస్‌ను పట్టుకోగలుగుతోందో ఆ చివరి అంకెను టైటర్ అంటారు. టైటర్ 80 అంటే 80 రెట్లు పలచన చేసినా పని చేస్తోందని అర్థం. బీఎస్సీ పిల్లలకు టైటర్ చెప్పడానికి నేను ఒకప్పుడు బోర్డు నిండా గీతలు గీసేవాణ్ణి. జున్ను ముందే తట్టి ఉంటే పది నిమిషాల్లో అయిపోయేది.

ఈ యాంటీబాడీలు పిల్లకు ఏ దారిన చేరతాయన్నది మాయను (ప్లాసెంటాను) బట్టి ఉంటుంది. మనుషుల్లో తల్లి రక్తం నేరుగా మాయను తడుపుతుంది కాబట్టి ఐజీజీ రకం యాంటీబాడీలు కడుపులోనే బిడ్డకు చేరిపోతాయి. ఆవు, గేదెల్లో మధ్య పొరలు ఎక్కువ. ఒక్క యాంటీబాడీ కూడా దాటదు. దూడ ఒట్టి చేతులతో పుడుతుంది. కుక్క ఈ రెండింటికీ మధ్యలో ఉంది. అయిదు నుంచి పది శాతం కడుపులో దాటుతాయి, మిగిలినదంతా ముర్రుపాల ద్వారానే. అదీ మొదటి 24 గంటల్లోనే. అప్పుడే పుట్టిన పిల్ల పేగు గోడ ఆ ఒక్క రోజు పెద్ద ప్రోటీన్లను ముక్కలు చేయకుండా అలాగే మింగి రక్తంలోకి వదులుతుంది. తర్వాత ఆ తలుపు మూసుకుపోతుంది. ఆపైన ముర్రుపాలు తాగితే పొట్ట లోపల కాస్త కాపలా దొరుకుతుందేమో గానీ, యాంటీబాడీలు రక్తంలోకి మాత్రం చేరవు.

మన ఊళ్ళలో ఇప్పటికీ మాయ పడేదాకా దూడకు పాలు తాగనివ్వని వాళ్ళున్నారు. ముందే తాగితే మాయ పడదని నమ్మకం. ఉన్నదే 24 గంటలు, అందులో పది మాయ కోసం కాపు కాస్తే దూడ ఏమైపోవాలి? నిజానికి పిల్ల చీకితేనే తల్లిలో ఆక్సిటోసిన్ ఊరుతుంది, గర్భసంచిని బిగించేది ఆ హార్మోనే. నమ్మకం సరిగ్గా తలకిందులుగా ఉంది.

మళ్ళీ కుక్కపిల్ల దగ్గరికి. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు చద్దిమూట లాంటివి. తినేకొద్దీ తరగడమే తప్ప కొత్తగా పుట్టవు. పార్వో యాంటీబాడీలు సుమారు 10 రోజులకోసారి సగమవుతాయి. వైరస్ నుంచి కాపాడాలంటే టైటర్ 80 దాకా ఉండాలన్నది ప్రయోగశాలల్లో వాడే హద్దు. మరి టీకా పని చేయాలంటే? టీకాలో ఉన్నదీ పార్వో వైరస్సే, కోరలు పీకేసినది. అది ఒంట్లో కొంత పెరిగితేనే పిల్ల శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తల్లి యాంటీబాడీలకు అసలు వైరస్, టీకా వైరస్ అన్న తేడా తెలియదు. రెండింటినీ పట్టేస్తాయి. టైటర్ 20కి దిగేదాకా టీకాను నిలవనివ్వవని లెక్క సులువు కోసం అనుకుందాం.

రాజమండ్రి పిల్ల పుట్టిన రోజున కడుపునిండా తాగిందనుకోండి. టైటర్ 2560. పదో రోజుకు 1280, ఇరవయ్యో రోజుకు 640, తర్వాత 320, 160. 50వ రోజుకు 80. 60కి 40. 70వ రోజుకు 20. అంటే 50వ రోజు నుంచి వీధి వైరస్‌కు తలుపు తెరుచుకుంది. టీకాకు మాత్రం 70వ రోజు దాకా తెరుచుకోలేదు. మధ్యలో ఆ 20 రోజులూ తల్లి కాపలా లేదు, టీకా కాపలా రాలేదు. 66వ రోజున రెండో సూది వేసేసరికి టైటర్ 26 దగ్గర ఉంది. నాలుగు రోజులు తేడా కొట్టింది.

ఆడపడుచు గారింటి పిల్ల బహుశా ఆ ఈతలో బక్కది. మిగతావాళ్ళు తోసేస్తే సగమే తాగింది. టైటర్ 1280. 40వ రోజుకే 80కి, 60వ రోజుకే 20కి పడిపోయింది. 66వ రోజున అదే సూది దాని ఒంట్లో చక్కగా నిలిచింది. తక్కువ తాగిన పిల్లకు టీకా ముందు పట్టింది!

ఈ లెక్కలో నాకు భలే నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. తల్లి టైటర్ ఎంతైనా కానివ్వండి, 80 నుంచి 20కి దిగడానికి రెండు సార్లు సగమవ్వాలి, అంటే 20 రోజులు. ఆ ప్రమాదకాలం వెడల్పు మారదు. తల్లి దగ్గర యాంటీబాడీలు రెట్టింపు ఉంటే అది పది రోజులు ఆలస్యంగా మొదలవుతుంది, నాలుగింతలుంటే ఇరవై రోజులు. తల్లికి టీకాలు సరిగ్గా వేయించడం మంచిదే, మొదటి వారాల్లో పిల్లను కాపాడేవి అవే. అయితే అలాంటి తల్లి పిల్లకు టీకా ఆలస్యంగా పడుతుంది. అమ్మినాయన అబద్ధం చెప్పలేదు. వెడల్పు తగ్గించే దారి ఒక్కటే, 20 అన్న హద్దును పైకి జరపడం. ఎక్కువ మోతాదు వైరస్‌తో ఇప్పుడొస్తున్న టీకాలు చేసేది అదే. కొంత తగ్గించాయి, సున్నా చేయలేదు.

యాంటీబాడీలు వైరస్‌ను కప్పేయడమే కాదు, ఇంకో పేచీ కూడా ఉంది. యాంటీబాడీలను తయారుచేసే బి కణం పైన రెండు రకాల గ్రాహకాలుంటాయి. ఒకటి వైరస్‌ను పట్టుకునేది, రెండోది ఐజీజీ తోకను పట్టుకునేది. యాంటీబాడీ అంటుకుని ఉన్న వైరస్ వచ్చి తగిలితే రెండూ ఒకేసారి ముడిపడతాయి. రెండో దాని నుంచి కణం లోపలికి 'ఆగు' అనే సంకేతం వెళ్తుంది. సరుకు నిండా ఉంది, కొత్తగా తయారు చేయొద్దు అని. పెద్ద జంతువులో ఇది పొదుపు. పసిపిల్లలో ఆ సరుకు తనది కాదు, పది రోజులకోసారి సగమైపోయే అరువు సరుకు. కణానికి ఆ సంగతి తెలియదు.

అందుకే కుక్కపిల్లల సూదులను 'బూస్టర్' అని నేర్పడం నాకు నచ్చదు. పాఠం ఒకసారి చెబితే సగం, మూడుసార్లు చెబితే పూర్తిగా ఎక్కుతుందన్నట్టు అందరూ అనుకుంటారు. ఇక్కడ జరిగేది అది కాదు. పార్వో, డిస్టెంపర్ (ఇదీ కుక్కలకొచ్చే వైరస్ జబ్బే) టీకా తల్లి యాంటీబాడీలు లేని పిల్లకు ఒక్కటి పడితే చాలు. ఏ రోజున వేసినది ఒంట్లో నిలుస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టే మళ్ళీ మళ్ళీ తలుపు తట్టడం. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం ఇచ్చిన సూచన కూడా ఇదే: 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి 2 నుంచి 4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయాలి. ఎన్ని సూదులన్నది ముఖ్యం కాదు, చివరిది 16 వారాల తర్వాత పడటం ముఖ్యం. అప్పటికీ పట్టని పిల్లలు కొన్ని ఉంటాయి, వాటి కోసం 26వ వారంలో ఇంకొకటి. "డబ్బుల కోసం వేస్తున్నారు" అనుకుని రెండింటితో మానేసేవాళ్ళు సరిగ్గా పట్టే సూదినే వదిలేస్తున్నారు.

ఈసారి ఆసుపత్రికి వెళ్తే డాక్టరుగారి చేతుల వైపు చూడండి. మన దగ్గర మామూలుగా వాడే కలిపి వేసే టీకా రెండు సీసాల్లో వస్తుంది. ఒకదాని అడుగున తెల్లగా, మరమరం అంత బిళ్ల ఉంటుంది. రెండోదాంట్లో నీళ్ళలాంటిది. నీటిని సిరంజిలోకి లాగి బిళ్ల సీసాలోకి వదలగానే బిళ్ల ఇట్టే కరిగిపోతుంది. బిళ్లలో ఉన్నవి ఎండబెట్టిన బతికున్న వైరస్‌లు: పార్వో, డిస్టెంపర్ వగైరా. నీళ్ళు ఒట్టి నీళ్ళు కావు, చాలా కంపెనీల టీకాల్లో అది చంపిన లెప్టోస్పైరా బ్యాక్టీరియా. చచ్చినది ఒంట్లో పెరగదు. దానికి రెండు డోసులు నిజంగా కావాలి, ఏటా మళ్ళీ కావాలి. అంటే ఒకే సిరంజిలో తలుపు తట్టేదీ ఉంది, అసలైన బూస్టరూ ఉంది. బిళ్లలో ఉన్నవాటికి పెద్ద కుక్కల్లో మూడేళ్ళ వ్యవధి చాలు. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల చలిలోనే ఉండాలి. షాపులో కొని, చొక్కా జేబులో పెట్టుకుని, ఎండలో బండి మీద తెచ్చి ఇంట్లోనే పొడిచేస్తే సీసాలో ఉన్నవి దారిలోనే చచ్చిపోతాయి.

రేబిస్ టీకా కూడా చంపిన వైరస్సే. మూడో నెల నిండాక వేస్తారు, ఏడాదికి మళ్ళీ. జూలై 6న రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. 1885లో అదే తేదీన పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే 9 ఏళ్ళ కుర్రాడికి మొదటి సూది వేయించాడు. బొడ్డు చుట్టూ 14 సూదుల భయం ఇంకా కొందరి నోట వినిపిస్తుంది. అది మనుషులకు వేసే పాతకాలపు మందు. అదిప్పుడు లేదు.

తల్లి ఇచ్చేది యాంటీబాడీలు మాత్రమే కాదు. ఏలికపాముల పిల్లలు తల్లి కండరాల్లో ఏళ్ళ తరబడి నిద్రపోతుంటాయి, కడుపుతో ఉన్నప్పుడు లేచి మాయ దాటి పిల్లల్లోకి వెళ్తాయి. యాంటీబాడీలను అంత లెక్కగా ఆపే మాయ పురుగులను ఆపలేదు! అందుకే నులిపురుగుల మందు టీకా కంటే ముందే, రెండో వారం నుంచే మొదలుపెట్టాలి.

పార్వో మరీ పాతది కాదు. 1978లో బయటపడింది, పిల్లుల్లో ఉండే ఒక వైరస్‌కు దగ్గరి చుట్టం. రెండేళ్ళలో ప్రపంచమంతా తిరిగింది. కుక్కల టీకా తయారయ్యేదాకా పిల్లుల టీకానే కుక్కలకు వేశారు. సొంతంగా పెరిగే యంత్రాంగం లేని వైరస్ ఇది. విభజన చెందుతున్న కణం దొరికితేనే బతుకుతుంది. పసిపిల్లలో అలాంటి కణాలు ఎక్కువగా ఉండేవి పేగు మడతల్లోనూ ఎముక మూలుగలోనూ. అందుకే నెత్తుటి విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం రెండూ కలిసి వస్తాయి. దీన్ని "వేడి చేసింది" అనుకుని మజ్జిగ పోస్తూ రెండు రోజులు ఇంట్లో ఉంచడం, మెడకు నల్లతాడు కట్టడం చాలాచోట్ల చూశాను. ఆ రెండు రోజులే సెలైన్‌తో పిల్లను నిలబెట్టాల్సిన రోజులు. వైరస్‌కు పైన కొవ్వు పొర లేదు కాబట్టి శానిటైజర్, ఫినాయిల్ దాన్ని పెద్దగా ఏమీ చేయవు. నెలల తరబడి మట్టిలో ఉంటుంది. బ్లీచింగ్ నీళ్ళు ఒక్కటే ఇంట్లో దొరికే ఆయుధం. టీకాల కోసం వెళ్ళినప్పుడు కూడా పిల్లను ఆసుపత్రి నేల మీద దింపకండి. జబ్బు చేసిన కుక్కలన్నీ నిలబడేది అక్కడే.

రాజమండ్రి పిల్ల అయిదు రోజుల సెలైన్ తర్వాత లేచి కూర్చుందట. ఇక టీకా అక్కర్లేదు కదా అని ఆవిడ రెండో ఉత్తరంలో అడిగారు. పార్వో వరకు నిజమే, జబ్బు దాటిన పిల్లకు చాలా ఏళ్ళు నిలిచే రక్షణ వచ్చేసింది. డిస్టెంపర్, లెప్టో, రేబిస్‌లకు మాత్రం ఆ అయిదు రోజుల పోరాటం దేనికీ పనికిరాదు. ఒళ్ళు పూర్తిగా కోలుకున్నాక వెళ్ళమన్నాను. మళ్ళీ ఫొటో పంపారు. మూడో గడి ఖాళీగానే ఉంది, పక్కన పెన్సిల్‌తో వచ్చే బుధవారం తేదీ రాసి ఉంది.