బరువు కావాలా, వెలుగు కావాలా?

1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో కోహినూర్‌ను ప్రదర్శనకు పెట్టారు. ఎగబడి వచ్చినవాళ్లలో చాలామంది చూసి ఉసూరుమన్నారు. చుట్టూ గ్యాస్ దీపాలు అమర్చినా ఆ రాయి అనుకున్నంతగా మెరవలేదు. మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన పనివాళ్లు ఆవిరి యంత్రంతో తిరిగే చక్రం మీద 38 రోజులు దాన్ని సాన పట్టారు. ఇప్పటి లెక్కలో 191 క్యారెట్ల వజ్రం 105.6 క్యారెట్లకు దిగింది. క్యారెట్ అంటే 0.2 గ్రాములు కాబట్టి, దాదాపు 17 గ్రాముల వజ్రం పొడైపోయిందన్నమాట.

మన సానవాళ్లు అంతకుముందు ఆ పని చేయలేదంటే చేతకాక కాదు. 1720లలో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్లేవి. 17వ శతాబ్దంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు చూసిన ఫ్రెంచ్ వర్తకుడు తావెర్నియే, ఇక్కడి పనితీరును దగ్గర నుంచి గమనించి రాశాడు. రాయి స్వచ్ఛంగా ఉంటే సహజంగా ఉన్న ముఖాలనే చక్రం మీద తేలిగ్గా నునుపు చేసి వదిలేసేవారు. బరువు తగ్గుతుందని రూపం మార్చేవారు కాదు. మచ్చో పగులో ఉంటే మాత్రం దాని మీద చిన్న చిన్న ముఖాలు చెక్కి కనిపించకుండా చేసేవారు. పెద్ద వజ్రాన్ని అరగదీసి బరువు పోగొట్టినందుకు బోర్జియో అనే వెనిస్ సానవాడికి మొఘల్ చక్రవర్తి పదివేల రూపాయల జుర్మానా వేశాడని కూడా ఆయనే రాశాడు. ఇక్కడ విలువంతా బరువులో ఉండేది. ఈ రోజు మనం వజ్రం అనగానే తలుచుకునే ధగధగ బరువు వదులుకుంటేనే వస్తుంది.

ఎందుకో చూద్దాం. వెలుగును ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం వజ్రానికి 2.42, మామూలు గాజుకు 1.5. అందువల్ల వజ్రం సందిగ్ధ కోణం 24.4 డిగ్రీలే. గాజుకు అది సుమారు 42. రాయి లోపలికి వెళ్లిన కిరణం అడుగు ముఖాన్ని తాకినప్పుడు, లంబానికి 24.4 డిగ్రీలకు మించి వాలి ఉంటే బయటికి పోలేదు, పూర్తిగా వెనక్కి మళ్లుతుంది. అలా రెండుసార్లు మళ్లి పైముఖం గుండా మన కంటికి చేరాలి. దారిలో రంగులు విడిపోతాయి కాబట్టి రాయిని కదిపితే ఎరుపు, నీలం తళుకులు కనిపిస్తాయి. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఇంజనీరు గుండ్రటి రాయికి లెక్క కట్టాడు: పైభాగం వాలు 34.5 డిగ్రీలు, అడుగు వాలు 40.75. అడుగు మరీ పల్చనైతే రాయి అంచు ప్రతిబింబం లోపల బూడిదరంగు వలయంలా కనిపిస్తుంది, దాన్ని చేపకన్ను అంటారు. మరీ లోతైతే నడుమ నల్లబడుతుంది. బరువు మిగుల్చుకోవాలని అడుగు లోతుగా ఉంచిన రాళ్లలో ఈ రెండో లోపం ఎక్కువ. కాగితం మీద క్యారెట్లు బాగానే ఉంటాయి, వేలి మీద మాత్రం వెలుగుండదు.

వజ్రాన్ని వజ్రమే కోస్తుందన్న మాట అక్షరాలా నిజం, కానీ అది సగమే. వజ్రం అన్ని దిక్కులా ఒకేలా గట్టిగా ఉండదు. పోత ఇనుప చక్రం మీద నూనెలో కలిపి రాసిన వజ్రపు పొడిలో రేణువులు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి, కొన్నింటి గట్టి దిక్కు ఎప్పుడూ పైకే ఉంటుంది. అవి రాయి మెత్తని దిక్కును అరగదీస్తాయి. ఆ దిక్కు పట్టుకోలేకపోతే గంటలు తిప్పినా రాయి అరగదు, చక్రమే గీసుకుపోతుంది.

గట్టిదనం ఒకటి, విరగకపోవడం మరొకటి. అసలు వజ్రమైతే సుత్తి దెబ్బకు పగలదని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ మాట నమ్మి పరీక్షిస్తే నిజమైన రాయే పోతుంది. వజ్రంలో నాలుగు చీలిక తలాలు ఉంటాయి, వాటి వెంట ఒక్క దెబ్బకు రెండుగా చీలిపోతుంది. 3,106 క్యారెట్ల కల్లినన్ వజ్రాన్ని 1908లో ముక్కలు చేసింది ఈ పద్ధతిలోనే. ఉంగరం గట్టుకు తగిలితే అంచు పెచ్చు లేవడానికి కారణం కూడా ఇదే.

వజ్రానికి నీరు అంటదు, జిడ్డు ఇట్టే అంటుకుంటుంది. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీద రాళ్లమట్టిని నీళ్లతో పారించి వజ్రాలను వేరు చేసింది ఈ గుణంతోనే. ఉంగరానికి వస్తే అదే చిక్కు. అడుగు ముఖాల మీద నూనె పొర పేరుకుంటే సందిగ్ధ కోణం 24 నుంచి దాదాపు 37 డిగ్రీలకు పెరుగుతుంది, లోపల మళ్లాల్సిన వెలుగు వెనక నుంచి కారిపోతుంది. అందుకే పైన ఎంత తుడిచినా లాభం లేదు. గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలిపి అరగంట నానబెట్టి, మెత్తని బ్రష్‌తో రాయి వెనకవైపు రుద్దాలి. బ్లీచింగ్ ద్రవం వాడకూడదు, అందులోని క్లోరిన్ బంగారంలో కలిసిన లోహాలను తినేస్తుంది. కడిగాక మిగతా నగలతో కలిపి పడేయకుండా విడిగా గుడ్డలో చుట్టి పెట్టాలి, పక్కనున్న రాళ్లన్నిటినీ వజ్రం గీకేస్తుంది.