ఇథీరియం ఆలస్యాలు: 2018 జూన్‌లో కట్టిన మూట

ఈథర్ అనే క్రిప్టో సొమ్ము నడిచే బ్లాక్‌చైన్ నెట్‌వర్క్ ఇథీరియంలో గ్లామ్‌స్టర్‌డామ్ అప్‌గ్రేడ్ ఎప్పుడొస్తుందన్న ప్రశ్న మళ్ళీ లేచింది. దాంతోపాటే పాత పంచాయితీ కూడా. ఒక పక్షానిది "ఇథీరియం వాళ్ళు చెప్పిన టైముకి ఏ రోజు ఇచ్చారు కనక" అన్న ఎద్దేవా. రెండో పక్షానిది "ఇంత సొమ్ము నడిచే నెట్‌వర్క్‌లో తొందరపడితే ఎవరు జవాబుదారీ" అన్న ఎదురు ప్రశ్న. ఆలస్యాలన్నీ ఒకే జాతివని ఇద్దరూ అనుకుంటున్నారు. అక్కడే తేడా కొడుతోంది.

పరీక్షలో దొరికిన తప్పు వల్ల ఆగడం ఒక రకం. 2025 ఫిబ్రవరి 24న హోలెస్కీ టెస్ట్‌నెట్‌లో (అసలు సొమ్ము లేని పరీక్ష నెట్‌వర్క్) పెక్ట్రా అనే అప్‌గ్రేడ్‌ను ఆన్ చేసినప్పుడు జరిగింది ఇదే. గెత్, నెథర్‌మైండ్, బేసు క్లయింట్లలో (నెట్‌వర్క్‌ని నడిపే సాఫ్ట్‌వేర్లు) ఆ టెస్ట్‌నెట్ డిపాజిట్ కాంట్రాక్ట్ (డిపాజిట్లు తీసుకునే, చైన్ మీద నడిచే ప్రోగ్రామ్) అడ్రస్ తప్పుగా పడింది. ఎక్కువమంది వాలిడేటర్లు (డిపాజిట్ కట్టి, లావాదేవీల కట్టలైన బ్లాకులకి ఓటేసేవాళ్ళు) నడిపేవి ఆ మూడే కాబట్టి చెల్లని బ్లాక్‌ని చెల్లుతుందని ఒప్పేసుకుని, దాని మీదే ఓట్లు వేసుకుంటూ పోయారు. సరైన చైన్ మీద ఉన్న ఎరిగాన్, రెత్ క్లయింట్లు మైనారిటీలో పడ్డాయి. తప్పు వైపు ఓటేసిన వాలిడేటర్ వెనక్కి రావడం తేలిక కాదు. పాత ఓటుకి విరుద్ధంగా మళ్ళీ సంతకం పెడితే డిపాజిట్‌కి కోత పడుతుంది. హోలెస్కీలో ఫైనాలిటీ (బ్లాకులు ఇక మారవన్న ఖాయం) తిరిగి రావడానికి రెండు వారాలు పట్టింది. మార్చి 5న సెపోలియాలోనూ డిపాజిట్ కాంట్రాక్ట్ దగ్గరే వేరే చిక్కు వచ్చి ఖాళీ బ్లాకులు పడ్డాయి. హూడీ అనే కొత్త టెస్ట్‌నెట్ లేపి, అక్కడ నడిపి చూశాక మే 7న అసలు నెట్‌వర్క్ అయిన మెయిన్‌నెట్‌కి ఎక్కించారు. ఈ ఆలస్యాన్ని తప్పుపట్టేవాళ్ళు ఆ అడ్రస్ పొరపాటు లాంటిది అసలు సొమ్ము మీద జరిగి ఉంటే ఏమయ్యేదో ఒకసారి లెక్కేసుకోవాలి.

రెండో రకం వేరు. సిద్ధమైన పనిని సిద్ధం కాని పనికి ముడేసి రెండింటినీ ఆపడం. దాని మూలం 2018 జూన్‌లో ఉంది.

ఆనాటికి చేతిలో ఒక పథకం ఉంది: ఈఐపీ-1011 (ఈఐపీ అంటే ఇథీరియం మార్పు ప్రతిపాదన), హైబ్రిడ్ కాస్పర్. మైనింగ్ చైన్‌ని (కంప్యూటర్లు లెక్కల పోటీ పడి బ్లాకులు చేర్చేది) అలాగే ఉంచి, దాని మీద ఒక కాంట్రాక్ట్ పెట్టి, 50 బ్లాకులకోసారి వాలిడేటర్ల ఓటుతో చైన్‌ని ఖాయం చేయడం. కనీస డిపాజిట్ 1,500 ఈథర్. మైనర్లకిచ్చే బ్లాక్ బహుమతి అప్పటి 3 ఈథర్ నుంచి 0.6కి తగ్గించాలని అందులోనే రాసుకున్నారు. 2017 చివర్లోనే టెస్ట్‌నెట్ కూడా నడిచింది.

దాన్ని పక్కన పెట్టేశారు. షార్డింగ్‌కి (చైన్ భారాన్ని ముక్కలుగా పంచే పద్ధతి) ఎలాగూ వేరే బీకన్ చైన్ కట్టాలి కదా, స్టేకింగ్ (డిపాజిట్ కట్టి ఓటేసే పద్ధతి) కూడా అందులోనే పెడితే ఒకే పని రెండుసార్లు చేయక్కర్లేదన్నది వాదన. సాంకేతికంగా అందులో బలం ఉంది. కాంట్రాక్ట్ పద్ధతిలో ప్రతి ఓటూ ఒక లావాదేవీయే, దాన్ని విడిగా సరిచూడాలి. అందుకే ఓటర్ల సంఖ్యని పరిమితం చేసి 1,500 ఈథర్ గేటు పెట్టాల్సొచ్చింది. బీకన్ చైన్‌లో అయితే బీఎల్‌ఎస్ అనే రకం డిజిటల్ సంతకాలతో వేల ఓట్లని ఒకటిగా కలిపి ఒక్కసారే చూసేయొచ్చు. 32 ఈథర్‌తో వాలిడేటర్ కావడం దానివల్లే కుదిరింది.

కానీ మైనింగ్ నుంచి బయటపడే పని ఆ రోజు నుంచి షార్డింగ్‌కి బందీ అయింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టని అప్పుడే అన్నవాళ్ళున్నారు. బిల్లు మాత్రం చిన్నది కాదు. బ్లాక్‌కి 2 ఈథర్ ఉన్న రోజుల్లో మైనర్లకి రోజుకి సుమారు 13,000 ఈథర్ పోయేది. స్టేకింగ్‌కి మారాక కొత్త ఈథర్ రోజుకి 1,700 దగ్గరికి దిగింది.

ఆ ఏళ్ళలో ఆలస్యాన్ని కొలిచే గడియారం ఒకటి కోడ్‌లోనే ఉంది: మైనింగ్‌ని రానురాను కష్టం చేసే డిఫికల్టీ బాంబ్. బ్లాక్ సంఖ్యని లక్షతో భాగించి, వచ్చిన దాంట్లోంచి రెండు తీసేసి, రెండుని అన్నిసార్లు హెచ్చిస్తే వచ్చే అంకెని ప్రతి బ్లాక్ కఠినతకీ (మైనింగ్ లెక్క ఎంత కష్టమన్న కొలత) కలుపుతారు. లక్ష బ్లాకులంటే దాదాపు 15 రోజులు. అంటే బాంబ్ ప్రతి పదిహేను రోజులకీ రెట్టింపు. చైన్ తన కఠినతని సర్దుకునే మెట్టు మొత్తంలో 2,048వ వంతు. బాంబ్ ఆ మెట్టు కన్నా చిన్నగా ఉన్నంతకాలం ఎవరికీ తెలియదు. దాటాక వారాల్లో తెలిసిపోతుంది. 2017 అక్టోబర్‌లో కఠినత సుమారు 3,000 లక్షల కోట్లు, కాబట్టి మెట్టు దాదాపు 1.5 లక్షల కోట్లు. బాంబ్ 2.2 లక్షల కోట్లకి చేరింది. పదిహేను సెకన్లలోపు రావాల్సిన బ్లాక్ ముప్పై సెకన్లకి వచ్చింది.

డెవలపర్లని తొందరపెట్టడానికి పెట్టిన ఈ కొరడాని వాళ్ళే ఆరుసార్లు వెనక్కి జరిపారు. బైజాంటియం, కాన్‌స్టాంటినోపుల్, మ్యూర్ గ్లేసియర్, లండన్, యారో గ్లేసియర్, గ్రే గ్లేసియర్ అన్న అప్‌గ్రేడ్లలో. మొదటి రెండుసార్లూ గడువు పెంచినందుకు బదులుగా మైనర్ల బహుమతి తగ్గించారు (5 నుంచి 3, తర్వాత 2). ఆ బేరం మూడోసారి నుంచి లేదు. ఆ మూడోసారి అయితే మరీ చోద్యం. 2019 డిసెంబర్ 8న ఇస్తాంబుల్ అప్‌గ్రేడ్ వచ్చింది, బాంబ్ సంగతి అందులో పెట్టలేదు. ఇంకా టైముందనుకున్నారు. నెల తిరక్కుండానే 2020 జనవరి 2న ఆ ఒక్క మార్పు కోసమే ఇంకో హార్డ్ ఫోర్క్ (అందరూ మారి తీరాల్సిన అప్‌గ్రేడ్) చేయాల్సొచ్చింది. అంటే నెట్‌వర్క్‌లోని ప్రతి కంప్యూటర్ (నోడ్) నడిపేవాడూ కొత్త సంవత్సరం సెలవుల్లో సాఫ్ట్‌వేర్ మార్చుకోవాలి.

ముడి విప్పింది 2020 అక్టోబర్ తర్వాతే. లావాదేవీల భారం రోలప్‌లు (లావాదేవీల్ని బయట నడిపి ఫలితాన్ని చైన్‌కి చేర్చేవి) మోస్తాయని ఇథీరియం సృష్టికర్తల్లో ఒకరైన విటాలిక్ బుటెరిన్ కొత్త దారి రాయడంతో షార్డింగ్ కోసం ఆగాల్సిన పని తప్పింది. 2020 డిసెంబర్ 1న 5,24,288 ఈథర్ కనీస డిపాజిట్ షరతు దాటి బీకన్ చైన్ మొదలైంది. పాత చైన్‌ని దానికి అతికించే పనిని ఈఐపీ-3675గా 2021లో విడదీశారు. షార్డింగ్ లేదు. స్టేక్ చేసిన సొమ్ము వెనక్కి తీసుకునే ఏర్పాటు కూడా లేదు, దాన్ని 2023 ఏప్రిల్‌కి వదిలేశారు. అంత తగ్గించాక మిగిలిన ఆలస్యమంతా మొదటి రకానిదే: కిల్న్ టెస్ట్‌నెట్, మెయిన్‌నెట్ షాడో ఫోర్కులు (మెయిన్‌నెట్ నకలు మీద రిహార్సళ్ళు), ఆపైన రోప్‌స్టెన్, సెపోలియా, గోర్లీ టెస్ట్‌నెట్లు వరసగా. 2022 సెప్టెంబర్ 15న మెర్జ్ (మైనింగ్ నుంచి స్టేకింగ్‌కి మారడం) అయింది, చైన్ ఆగలేదు.

ఈ పాఠం మరచిపోయే ప్రమాదం పెక్ట్రాలోనే కనిపించింది. అందులోకి ఈఓఎఫ్ (కాంట్రాక్ట్ కోడ్‌కి కొత్త రూపం), పీర్‌డాస్ (రోలప్‌ల డేటాని నోడ్లు తలా కొంత సరిచూసే పద్ధతి) కూడా ఎక్కించి, 2024 సెప్టెంబర్‌లో దించేశారు. తర్వాతి అప్‌గ్రేడ్ ఫుసాకాలో ఈఓఎఫ్ మళ్ళీ ఎక్కి, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ దిగింది. దింపారు కాబట్టే పీర్‌డాస్ డిసెంబర్ 3న మెయిన్‌నెట్‌కి రాగలిగింది. ఈఓఎఫ్ మీద ఏళ్ళు పనిచేసినవాళ్ళ బాధ అబద్ధం కాదు. అయినా దాని కోసం పీర్‌డాస్ ఆగాలనడానికి సాంకేతిక కారణం లేదు.

గ్లామ్‌స్టర్‌డామ్‌లో ఇప్పుడు రెండు పెద్ద అంశాలు. ఈఐపీ-7732 బ్లాక్ కట్టేవాళ్ళనీ ప్రతిపాదించేవాళ్ళనీ ప్రోటోకాల్‌లోనే వేరుచేస్తుంది, దాని పని ముఖ్యంగా కాన్సెన్సస్ క్లయింట్లది (ఓట్లు చూసుకునే సాఫ్ట్‌వేర్). ఈఐపీ-7928 బ్లాక్ ఏ ఖాతాల్ని, ఏ స్టోరేజ్‌ని ముట్టుకుంటుందో ముందే జాబితా ఇస్తుంది, దాని పని ఎగ్జిక్యూషన్ క్లయింట్లది (లావాదేవీలు నడిపే సాఫ్ట్‌వేర్). టీమ్‌లు వేరు, కోడ్ వేరు. ఒకటి టెస్ట్‌నెట్‌లో చిక్కుకుంటే రెండోది దానికోసం ఎన్నాళ్ళు ఆగాలన్నది ముందుగానే రాసిపెట్టుకోవాలి.