సమ్మె వస్తే మైనర్ లీగ్ కుర్రాళ్లకు ఛాన్సేనా? అపోహలు - వాస్తవాలు

అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి మేజర్ లీగ్, దానికి కుర్రాళ్లను తయారుచేసే కింది స్థాయి మైనర్ లీగ్. మేజర్ లీగ్ ఆటగాళ్ల యూనియన్‌కు, జట్ల యజమానులకు మధ్య ఉన్న ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1. ఆ తేదీ పేరు చెప్పి లాకౌట్ (యజమానులే ఆట ఆపేయడం) అనో సమ్మె అనో వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరిగిందంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. నేను న్యూజెర్సీలో కార్మిక చట్టాల కేసులు చూస్తాను. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది కాలేజీలో బేస్‌బాల్ ఆడుతున్న పిల్లల తల్లిదండ్రులు. అందరూ తిప్పి తిప్పి అడిగేది ఒకటే: "పెద్దవాళ్లు బయటికెళ్లిపోతే మైనర్ లీగ్ పిల్లలకు మంచి ఛాన్సే కదండీ?"

అపోహ: మైనర్ లీగ్ కుర్రాడు యూనియన్ మెంబరు కాదు. ఆ గొడవ అతనిది కాదు. నాలుగు రోజులు వెళ్లి ఆడితే పోయేదేముంది?

వాస్తవం: ఇలా అనుకునే 1995లో చాలామంది కుర్రాళ్లు చేయి కాల్చుకున్నారు. 1994 ఆగస్టు 12న సమ్మె మొదలైంది. శాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాలకు పరిమితి) పెట్టాల్సిందేనని యజమానులు, కుదరదని ఆటగాళ్లు. ఆ ఏడాది ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీసే జరగలేదు. మరుసటి వసంతంలో యజమానులు శిక్షణ శిబిరాలు తెరిచి సమ్మెలో ఉన్నవాళ్ల బదులు ఆడే రీప్లేస్‌మెంట్ జట్లు కట్టడం మొదలుపెట్టారు. ఫార్టీ-మ్యాన్ రోస్టర్‌లో, అంటే క్లబ్బు మేజర్ లీగ్ నలభై మంది జాబితాలో, ఉన్నవాళ్లు యూనియన్ మనుషులు కాబట్టి వాళ్లు రారు. ఇక దొరికేది ఎవరు? ఆట మానేసి వేరే పనులు చూసుకుంటున్నవాళ్లు, రోస్టర్‌లో చోటు లేని మైనర్ లీగ్ కుర్రాళ్లు. టికెట్ పెట్టిన ఎగ్జిబిషన్ మ్యాచ్‌లో దిగినా సమ్మెను దెబ్బకొట్టినట్టే లెక్కేస్తామని యూనియన్ ముందే చెప్పింది. విన్నవాళ్లు విన్నారు, లేనివాళ్లు లేదు.

వినకపోవడం వెనక ఏముంటుందో నాకు ఒకాయన చెప్పారు. వేరే కేసు మీద ఆఫీసుకు వచ్చిన మనిషి, మాటల్లో తెలిసింది ఆ వసంతంలో ఫ్లోరిడా శిబిరంలో పిచ్చర్‌గా ఉన్నారని. క్లబ్బు వాళ్లు కుర్రాళ్లను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచారట. బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి రీప్లేస్‌మెంట్ కాంట్రాక్టు. రెండోది జట్టు నుంచి తీసేస్తున్నట్టు లెటరు. ఈయన పేరు అప్పటికే టైపు చేసి ఉంది, తేదీ మాత్రం ఖాళీ. లాయరుకు ఫోన్ చేసుకుంటానంటే "బయట లైన్లో ఇంకా చాలామంది ఉన్నారు" అన్నారట. సంతకం పెట్టేశారు. మేజర్ లీగ్ మెట్టు ఎక్కలేదు కానీ, అదే గదిలో ఉంటూ సంతకం పెట్టనన్న స్నేహితుడు మళ్లీ ఈయనతో మాట్లాడలేదు. ఇంటి అద్దె, పెళ్లాం కడుపుతో ఉండటం, ఆ వయసు, అన్నీ చూస్తే ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ రెండు కాగితాలు బల్ల మీద పెట్టినవాళ్ల మీదే కోపం వచ్చింది.

ఆ శిబిరాల్లో ఆడి తర్వాత పైకి వచ్చినవాళ్ల సంగతి ఇంకోలా ఉంది. కెవిన్ మిల్లర్, డేమియన్ మిల్లర్, షేన్ స్పెన్సర్, రిక్ రీడ్ లాంటివాళ్లు మేజర్ లీగ్‌లో ఏళ్ల తరబడి ఆడారు. జీతం వచ్చింది, పింఛనూ వచ్చింది. యూనియన్ సభ్యత్వం మాత్రం ఇవ్వలేదు, ఓటు లేదు, కార్డులు, వీడియో గేమ్‌ల లైసెన్సు డబ్బుల్లో వాటా లేదు. 2004లో బోస్టన్ రెడ్‌సాక్స్ ఇంటిదారి పట్టబోతున్న మ్యాచ్‌లో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వాక్ తీసుకుని (నాలుగు చెడ్డ బంతులు పడితే కొట్టకుండానే మొదటి బేస్‌కు వెళ్లడం) ఊపిరి పోసింది ఈ కెవిన్ మిల్లరే. ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచాక అమ్మిన యూనియన్ లైసెన్సు టీషర్టుల మీద అతని పేరు లేదు. వీడియో గేముల్లో అతని స్థానంలో కల్పిత పేరు పెట్టారు. రిక్ రీడ్ అయితే తల్లి వైద్యం ఖర్చుల కోసం ఆ శిబిరానికి వెళ్లాడు. కారణం అందరికీ తెలుసు, అయినా యూనియన్ తలుపు తెరవలేదు.

మరి ఇప్పుడు? ఇక్కడ పాత లెక్క మారింది, పుకార్లు పుట్టించేవాళ్లకే ఇంకా తెలియలేదు. 2022 సెప్టెంబరు నుంచి మైనర్ లీగ్ ఆటగాళ్లు కూడా అదే యూనియన్ కింద ఉన్నారు. 2023లో వాళ్లకంటూ వేరే ఒప్పందం కుదిరింది. మైనర్ లీగ్‌లో కింది మెట్లలో ఒకటైన సింగిల్-ఎ కనీస జీతం ఏడాదికి 11,000 డాలర్ల నుంచి 26,200కు, పై మెట్టు ట్రిపుల్-ఎ 17,500 నుంచి 35,800కు పెరిగింది. అంటే "మెంబరు కాడు కదా" అన్న మాటే ఇక చెల్లదు. వీళ్ల ఒప్పందం మేజర్ లీగ్ దానికంటే వేరు, గడువూ వేరు. కాబట్టి మీ అబ్బాయి తన మైనర్ లీగ్ మ్యాచ్ తాను ఆడుకుంటే అది ఎవరికీ ద్రోహం కాదు. 1994లో మేజర్ లీగ్ ఆగినా మైనర్ లీగ్ మ్యాచ్‌లు నడిచాయి. ఈ విషయంలో టెన్షన్ అక్కర్లేదు. మేజర్ లీగ్ జెర్సీ వేసుకోమని పిలుపొస్తేనే ఆగాలి. యూనియన్ ప్రతినిధికి ఫోన్ చేశాకే పెన్ను పట్టాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: 1995లో రీప్లేస్‌మెంట్ జట్లు సీజన్ ఆడాయి. వాస్తవం: లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. శిబిరాల్లోనే ముగిసింది.

అపోహ: వాళ్లను పెట్టుకోకూడదని కోర్టు ఆపింది. వాస్తవం: లేదు. మార్చి 31న న్యూయార్క్‌లో జడ్జి సోనియా సొటొమాయర్ యజమానులు బేరసారాల్లో నిజాయితీగా లేరని, పాత షరతులే నడవాలని ఉత్తర్వు ఇచ్చారు. దాంతో ఏప్రిల్ 2న సమ్మె ముగిసింది, రీప్లేస్‌మెంట్ వాళ్ల అవసరం పోయింది. అసలు 1938 నాటి మెకే రేడియో తీర్పు ప్రకారం జీతభత్యాల కోసం చేసే సమ్మెలో కొత్తవాళ్లను శాశ్వతంగానే పెట్టుకోవచ్చు. యజమాని చట్టవిరుద్ధ చర్య వల్ల వచ్చిన సమ్మె అయితే అది కుదరదు.

అపోహ: రీప్లేస్‌మెంట్ ఆటగాళ్లను పెట్టడానికి అన్ని జట్లూ ఒప్పుకున్నాయి. వాస్తవం: బాల్టిమోర్ యజమాని పీటర్ ఏంజెలోస్ ససేమిరా అన్నాడు. డెట్రాయిట్ మేనేజర్ స్పార్కీ ఆండర్సన్ రీప్లేస్‌మెంట్ జట్టును నడిపించనని పక్కకు తప్పుకున్నాడు. అప్పట్లో మైనర్ లీగ్‌లో ఉన్న మైకేల్ జోర్డాన్ ఆ గొడవలో ఇరుక్కోకుండా మళ్లీ బాస్కెట్‌బాల్‌కు వెళ్లిపోయాడు.

అపోహ: సమ్మె గొడవ ఆటగాళ్లది, వీసా మీద ఉన్న మనకేం సంబంధం? వాస్తవం: ఉంది. సమ్మె జరుగుతోందని కార్మిక శాఖ ధ్రువీకరిస్తే ఆ పనికి విదేశీ ఆటగాళ్లకు పి వీసా పిటిషన్లు ఆమోదించరు. హెచ్-1బి అయినా అంతే. హెచ్-1బి కోసం కంపెనీ కార్మిక శాఖకు పెట్టే ఎల్‌సీఏ దరఖాస్తులో ఇచ్చే హామీల్లో ఆ చోట ఆ పనిలో సమ్మె, లాకౌట్ లేవన్నది ఒకటి. సంతకం కంపెనీది కదా అని మనం చదవం. పనిలో చేరే రోజుకల్లా ఆ ఎల్‌సీఏ కాపీ మీకు ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.