క్వార్టర్‌బ్యాక్ తడబడితే జీఎంకి ఎన్ని మార్కులు? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేనుండేది అమెరికాలోని షార్లెట్‌లో. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) మ్యాచ్‌ల వీడియో ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఒక్కో ప్లేకీ లెక్క రాయడం నా పని. ఇక్కడ మనవాళ్లు ఎక్కువే. ఏ పుట్టినరోజుకి వెళ్లినా ఎవరో ఒకరు బిర్యానీ ప్లేటుతో వచ్చి, "అన్నా, ఆ బ్రైస్ యంగ్‌ని తెచ్చి పాంథర్స్ కొంప ముంచారు కదా" అంటారు. పాంథర్స్ ఇక్కడి జట్టు. 2023లో యంగ్‌ని దానికి క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడిగా తెచ్చింది, ఆటగాళ్లను ఎంచే జనరల్ మేనేజర్ (జీఎం) స్కాట్ ఫిటరర్. వీళ్లిద్దరి గురించి నేను వినే మాటల్లో సగానికి లెక్క కుదరదు.

అపోహ: కుర్రాడు ఆడలేదు, కాబట్టి జీఎం ఎంపిక తప్పు.

వాస్తవం: ఇవి రెండు వేరే పద్దులు. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, యంగ్‌ని తెచ్చిన మొదటి పిక్ (వంతు) కోసం ఫిటరర్ షికాగో జట్టుకి ఏమిచ్చాడో చూడండి: 2023లో 9, 61వ పిక్‌లు, 2024 మొదటి రౌండ్ పిక్, 2025 రెండో రౌండ్ పిక్. ఇవి చాలవన్నట్టు రిసీవర్ డీజే మూర్. నన్నడిగితే అసలు దెబ్బ మూరే. బంతి విసిరేవాణ్ని కొనడానికి పట్టేవాణ్ని అమ్ముకున్నారు. ఆ ఏడు జట్టులో అందరికంటే ఎక్కువ పాస్‌లు పట్టింది 33 ఏళ్ల ఆడమ్ థీలెన్. 17 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే. చివర్న నిలిచిన జట్టుకే ముందు వంతు కాబట్టి షికాగో చేతికెళ్లిన 2024 పిక్ మొత్తం డ్రాఫ్ట్‌కే మొదటిదై కూర్చుంది. ఫిటరర్ ఉద్యోగం ఆ జనవరిలోనే పోయింది. ఆ ధర కట్టింది యంగ్ కాదు. రేపు అతను ఎంత బాగా ఆడినా అది మంచి బేరమని నేను రాయను.

అపోహ: 2023లో యంగ్ మీద 62 సాక్‌లు (బంతి విసరకముందే పడగొట్టడాలు) పడ్డాయంటే అతన్ని కాచే లైన్ చెత్త.

వాస్తవం: ఇక్కడే నా స్టాప్‌వాచ్ బయటికొస్తుంది. స్నాప్ (బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి అందించడం) కాగానే నొక్కుతాను. క్వార్టర్‌బ్యాక్ మూడడుగులు వెనక్కేసి కాలు ఊనిన చోట ఆపుతాను. ఆ ప్లేలో బంతి అక్కడ చేయి దాటాలి. దాటకపోతే పైనుంచి తీసిన వీడియో పెట్టి రిసీవర్లను చూస్తాను. ఒకడు ఖాళీగా ఉన్నా వేయలేదంటే ఆ సాక్ కుర్రాడి ఖాతాలోకి. ఒక్కడూ విడిపించుకోలేకపోతే రిసీవర్ల ఖాతాలోకి. కాలు ఊనకముందే, లైన్ మధ్యలో కాచే గార్డ్ ఎదుటివాడి తోపుకి వెనక్కొచ్చి అతని ఒళ్లో పడితే లైన్ ఖాతాలోకి. 2023లో మూడు ఖాతాలూ నిండాయి.

యంగ్ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. పక్కల నుంచి వచ్చేవాణ్ని తప్పించుకోగలడు కానీ, మధ్యలోంచి వస్తే చూపూ మూసుకుపోతుంది, ముందడుగు వేయడానికీ చోటుండదు. కొత్త జీఎం డాన్ మోర్గన్ 2024 మార్చిలో రాబర్ట్ హంట్, డేమియన్ లూయిస్ అనే ఇద్దరు గార్డ్‌లకు పెద్ద మొత్తం పెట్టింది ఇందుకే అనుకుంటాను. ఆ సీజన్‌లో యంగ్ మీద సాక్‌లు 29. కొన్ని మ్యాచ్‌లు అతను ఆడలేదు కాబట్టి ఘనతంతా వాళ్లకే ఇవ్వను.

అపోహ: ఓపిక పడితే ఎవరైనా జోష్ అలెన్ అవుతారు.

వాస్తవం: బఫలో జట్టులో క్వార్టర్‌బ్యాక్ అలెన్ వేసిన పాస్‌ల్లో రిసీవర్లకు చేరినవి 2018లో 52.8 శాతం. 2020లో 69.2. అది ఊరికే కూర్చుంటే వచ్చింది కాదు. 2020లో జీఎం బ్రాండన్ బీన్ మొదటి రౌండ్ పిక్ ఇచ్చి రిసీవర్ స్టెఫాన్ డిగ్స్‌ని తెచ్చాడు, అంటే ఫిటరర్ బేరానికి సరిగ్గా తలకిందులు. అఫెన్స్ (దాడి ఆట) నడిపే కోచ్ బ్రయాన్ డబాల్ ఆ మూడేళ్లూ కదల్లేదు. ఇక్కడ మాత్రం యంగ్ తొలి కోచ్ ఫ్రాంక్ రైక్ 11 మ్యాచ్‌లకే ఇంటికెళ్లాడు.

అపోహ: బెంచ్ ఎక్కించారంటే పని అయిపోయినట్టే.

వాస్తవం: 2024లో రెండు మ్యాచ్‌లకే యంగ్‌ని ఆటలోంచి తీసి బెంచ్ మీద కూర్చోబెట్టారు. అతని బదులు ఆడుతున్న ఆండీ డాల్టన్‌కి కారు ప్రమాదంలో బొటనవేలు దెబ్బతినడంతో అక్టోబరులో మళ్లీ దింపారు. సీజన్ ఆఖరి మ్యాచ్ అట్లాంటాలో. మూడు టచ్‌డౌన్‌లు (బంతిని ఎదుటి గీత దాటించి చేసే స్కోర్లు) విసిరి, రెండు తనే పరిగెత్తి 44-38తో గెలిపించాడు. ఆ మార్కులు ఎవరి పద్దులో రాయాలి? కుర్రాణ్ని కొన్న ఫిటరర్ పద్దులోనా, గార్డ్‌లను తెచ్చిన మోర్గన్ పద్దులోనా? నా షీట్‌లో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.