ఈజిప్టు విప్లవాలు: మా క్లాసులో తరచూ వినిపించే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

డిగ్రీ కాలేజీలో ఆధునిక ప్రపంచ చరిత్ర చెప్పడం నా పని. ఈజిప్టు పాఠం మొదలుపెట్టే రోజు బోర్డు మీద ముందుగా ఒకే ఒక్క మాట రాస్తాను: ఐష్. చాలా అరబ్ దేశాల్లో రొట్టెను ‘ఖుబ్జ్’ అంటారు. ఈజిప్టులో మాత్రం ‘ఐష్’ అంటారు. ఆ మాటకు బతుకు అని కూడా అర్థం. 2011 విప్లవంలో కైరోలోని తహ్రీర్ మైదానంలో హోరెత్తిన నినాదం దానితోనే మొదలవుతుంది. ఐష్, హుర్రియ్యా, అదాలా ఇజ్తిమాయియ్యా. అంటే రొట్టె, స్వేచ్ఛ, సామాజిక న్యాయం. ఈ వరస పిల్లలకు గుర్తుండిపోతే సగం పాఠం చెప్పినట్టే అనుకుంటాను. ఈజిప్టు గురించి మన దగ్గర తిరిగే అపోహలు చాలావరకు మొదటి మాటను వదిలేసి మిగతా రెండే చదవడం వల్ల వచ్చినవి.

అపోహ: 2011 విప్లవాన్ని ఫేస్‌బుక్ తెచ్చింది

వాస్తవం: నైలు డెల్టాలో మహల్లా అల్ కుబ్రా అనే ఊరుంది. మిస్ర్ బ్యాంకు 1927లో పెట్టిన పెద్ద బట్టల మిల్లు అక్కడే ఉంది. 2006లో కార్మికులకు రెండు నెలల జీతం బోనస్‌గా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. తీరా డిసెంబరులో జీతాలు చేతికొచ్చేసరికి ఎప్పటిలాగే వంద పౌండ్లే ఉన్నాయి. కుట్టు విభాగంలోని సుమారు 3,000 మంది ఆడవాళ్ళు మిషన్లు ఆపేసి బయటికొచ్చారు. మగవాళ్ళు పనిచేసే షెడ్ల ముందుకెళ్ళి, మేమిక్కడున్నాం, మీరెక్కడ అని కేకలేశారు. 20 వేల మందికి పైగా సమ్మెలోకి దిగారు. కొద్దిరోజుల్లోనే ప్రభుత్వం దిగొచ్చి 45 రోజుల జీతం బోనస్‌గా ఇచ్చింది.

ఈ సమ్మె దగ్గర నేను క్లాసులో చాలాసేపు ఆగుతాను. అప్పటికి 1981 నుంచీ ఎమర్జెన్సీ చట్టం అమల్లో ఉన్న దేశమది. అలాంటి చోట సమ్మె చేసి గెలవొచ్చని జనం కళ్ళారా చూశారు. తర్వాత సిమెంటు ఫ్యాక్టరీల్లో, రైల్వేలో సమ్మెలు జరిగాయి. చివరికి ఇంటిపన్ను వసూలు చేసే ఉద్యోగులు కూడా రోడ్డెక్కారు. 2008 ఏప్రిల్ 6న మహల్లా కార్మికులు మళ్ళీ సమ్మెకు సిద్ధమైనప్పుడు, వాళ్ళకు మద్దతుగా కైరో కుర్రాళ్ళు ఫేస్‌బుక్‌లో ఒక గ్రూపు పెట్టారు. ఏప్రిల్ 6 యువజన ఉద్యమం అలా పుట్టింది. ముందు మిల్లు కదిలింది, ఆ తర్వాతే ఫేస్‌బుక్.

ఫేస్‌బుక్ పాత్ర లేదని నేను అనను. 2010 జూన్‌లో అలెగ్జాండ్రియాలో పోలీసుల దెబ్బలకు చనిపోయిన ఖాలిద్ సయీద్ పేరు మీద పెట్టిన పేజీ లక్షల మందిని కదిలించింది. జనవరి 25న రోడ్ల మీదికి రమ్మని పిలుపు వచ్చింది కూడా అక్కడి నుంచే. అది పోలీసు దినోత్సవం. 1952లో అదే తేదీన ఇస్మాయిలియాలో బ్రిటిష్ సైన్యానికి లొంగకుండా 50 మంది దాకా పోలీసులు ప్రాణాలిచ్చారు. వాళ్ళను తలచుకునే రోజునే నేటి పోలీసుల దౌర్జన్యాన్ని నిలదీయాలన్నది ఆ పిలుపు ఉద్దేశం. ఆ రోజు ర్యాలీలు ఎక్కడెక్కడ మొదలవుతాయో ఇంటర్నెట్‌లో ముందే చెప్పారు. బూలాక్ అల్ దక్రూర్ అనే పేదల పేట పేరు మాత్రం ఎక్కడా రాయలేదు, అక్కడ పనంతా చేతికి చేతికి పంచిన కరపత్రాలతో, నోటిమాటతో జరిగింది. పోలీసులు తేలిగ్గా ఆపలేకపోయిన ఊరేగింపు అక్కడి నుంచి బయల్దేరిందే.

జనవరి 28న ప్రభుత్వం ఇంటర్నెట్టూ సెల్‌ఫోన్లూ ఆపేసింది. అంతకు ముందెన్నడూ లేనంత జనం వచ్చింది ఆ రోజే. ఇంట్లో కూర్చుంటే ఏమీ తెలియక, చూద్దామని దిగినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఫిబ్రవరి రెండో వారంలో సూయజ్ కాలువ కంపెనీల కార్మికులు, కైరో బస్సు డ్రైవర్లు సమ్మెకు దిగారు. 11న అధ్యక్షుడు ముబారక్ దిగిపోయాడు. ఆ 18 రోజుల్లో కనీసం 846 మంది చనిపోయారని ప్రభుత్వం వేసిన నిజనిర్ధారణ కమిటీయే చెప్పింది.

అపోహ: ఫరోల కాలం నుంచీ ఈజిప్టు జనానికి తలొంచడమే అలవాటు

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ప్రపంచ చరిత్రలో రాతపూర్వక ఆధారం దొరికిన మొదటి సమ్మె ఈజిప్టులోదే. మూడో రామ్సెస్ ఏలుబడి 29వ ఏట, అంటే క్రీస్తుపూర్వం 12వ శతాబ్దంలో, రాజుల సమాధులు తొలిచే దేర్ అల్ మదీనా పనివాళ్ళు పని ఆపేసి గుడి వెనక బైఠాయించారు. కూలి కింద రావాల్సిన ధాన్యం రోజుల తరబడి రాలేదు. ఆకలితో, దాహంతో ఇక్కడికొచ్చామని వాళ్ళు చెప్పిన మాట రాసిన పాపిరస్ ఇప్పుడు ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉంది.

ఇక 1919. మార్చి 8న స్వాతంత్ర్యం అడుగుతున్న నాయకుడు సాద్ జఘ్లూల్‌ను బ్రిటిష్‌వాళ్ళు అరెస్టు చేసి మాల్టాకు పంపేశారు. మర్నాడే విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ తర్వాత రైతులు పట్టాలు పీకారు, టెలిగ్రాఫ్ తీగలు కోశారు. మార్చి 16న పర్దాలో ఉండే పెద్దింటి ఆడవాళ్ళు కూడా ఊరేగింపు తీశారు. నెలవంకతో పాటు శిలువ ఉన్న జెండాలు పట్టుకుని ముస్లింలు, కాప్టిక్ క్రైస్తవులు కలిసి నడిచారు. సెర్గియస్ అనే కాప్టిక్ ఫాదరీ అల్ అజ్‌హర్ మసీదు వేదిక ఎక్కి ఉపన్యసించాడు. సరిగ్గా ఆ వారాల్లోనే మన దేశంలో రౌలట్ చట్టం మీద గొడవ, జలియన్‌వాలా బాగ్ జరిగాయి. రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చెబితే పిల్లలు వెంటనే పట్టుకుంటారు.

అపోహ: ఈజిప్టు మొదటి అధ్యక్షుడు నాసర్

వాస్తవం: కాదు. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు ఇది తప్పక గుర్తుపెట్టుకోండి. 1953 జూన్ 18న రిపబ్లిక్ ప్రకటించినప్పుడు అధ్యక్షుడైంది ముహమ్మద్ నగీబ్. 1954లో నాసర్ ఆయన్ని తప్పించి గృహ నిర్బంధంలో పెట్టాడు. నాసర్ తర్వాత అధ్యక్షుడైన సాదత్ వచ్చాకే నగీబ్‌కు విడుదల.

అపోహ: 2011లో సైన్యం విప్లవం పక్షాన నిలబడింది

వాస్తవం: సైన్యం, జనం ఒకే చెయ్యి అని తహ్రీర్‌లో నినాదాలిచ్చిన మాట నిజమే. ట్యాంకుల మీదెక్కి సైనికులకు పూలిచ్చిన ఫొటోలు అబద్ధం కాదు. కానీ ముబారక్ దిగాక అధికారం వెళ్ళింది సైనిక మండలి చేతికి. మొదటి ఏడు నెలల్లో దాదాపు 12 వేల మంది మామూలు పౌరులను సైనిక కోర్టుల్లో నిలబెట్టారు. ఆ అక్టోబరులోనే కైరోలో ప్రభుత్వ టీవీ భవనం మస్పేరో దగ్గర ఊరేగింపు మీద సైన్యం విరుచుకుపడి 20 మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది కాప్టిక్‌లే.

2012 అధ్యక్ష ఎన్నికల్లో ముస్లిం బ్రదర్‌హుడ్ అనే ఇస్లామిక్ సంస్థ అభ్యర్థి ముర్సీ 51.7 శాతం ఓట్లతో గెలిచాడు. ఆ నవంబరులో తన ఉత్తర్వులను ఏ కోర్టూ ప్రశ్నించకూడదని ప్రకటించుకున్నాడు. అది పెద్ద తప్పని నా అభిప్రాయం. 2013 జూన్ 30న జనం భారీగా వీధుల్లోకి వచ్చారు, జులై 3న సైన్యం ఆయన్ని దించేసింది. ఆగస్టు 14న కైరోలోని రబియా కూడలిలో ముర్సీ మద్దతుదారులను ఖాళీ చేయిస్తూ జరిపిన కాల్పుల్లో కనీసం 817 మంది చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క తేల్చింది. ముర్సీ పాలన నచ్చకపోవడం వేరు, ఈ చావులను చూడనట్టు పాఠం దాటేయడం వేరు. తాత్కాలిక అధ్యక్షులను పక్కనపెడితే నగీబ్, నాసర్, సాదత్, ముబారక్, 2014లో అధ్యక్షుడైన సీసీ అందరూ సైన్యం నుంచి వచ్చినవాళ్ళే. మధ్యలో ముర్సీ ఒక్కడే ఒక్క ఏడాది.

అపోహ: రొట్టె సబ్సిడీ ఓట్ల కోసం పంచే ఉచితం

వాస్తవం: కిలో రెండు రూపాయల బియ్యం చూసిన మనకు ఇది సులువుగానే అర్థం కావాలి. నాసర్ కాలంలో ఒక ఒప్పందం లాంటిది కుదిరింది. చవగ్గా తిండి, ఉచితంగా చదువు, డిగ్రీ పాసైతే సర్కారు ఉద్యోగం. బదులుగా రాజకీయాలు మాట్లాడకూడదు. సాదత్ 1974లో తలుపులు తెరిచి ప్రైవేటు పెట్టుబడిని పిలిచాడు. 1977 జనవరి 17న ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) సలహా మీద పిండి, బియ్యం, నూనె వంటివాటి సబ్సిడీలు కోస్తున్నట్టు ప్రకటించారు. మర్నాడే అలెగ్జాండ్రియా నుంచి అస్వాన్ దాకా దేశం భగ్గుమంది. సుమారు 80 మంది చనిపోయారు. సాదత్ దాన్ని దొంగల తిరుగుబాటు అన్నాడు గానీ, రెండు రోజుల్లో కోతలు వెనక్కి తీసుకున్నాడు.

ఆ భయం పాలకులను చాలాకాలం వదల్లేదు. 1980ల చివర్లో సబ్సిడీ రొట్టె ధర 5 పియాస్టర్లకు (పౌండులో నూరో వంతు పియాస్టర్) చేరాక, ముప్పై ఏళ్ళకు పైగా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. 2020లో ధర అలాగే ఉంచి రొట్టె బరువును 110 గ్రాముల నుంచి 90కి తగ్గించారు. 2024 జూన్ 1న ధర ఒకేసారి 20 పియాస్టర్లు చేశారు, అంటే నాలుగింతలు. ఈసారి 1977లా దేశం భగ్గుమనలేదు. దానికి జనం ఒప్పుకున్నారని పిల్లలు రాసుకోబోతే ఆపి, 2013 నవంబరు చట్టం గురించి చెబుతాను. ఊరేగింపు తీయాలంటే పోలీసులకు ముందుగా చెప్పి తీరాలని, నిబంధనలు మీరితే జరిమానాలు, జైలు శిక్షలు తప్పవని చెప్పే చట్టమది.