పాంగోంగ్ ఒడ్డున పడుకోబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

సెలవుల్లో లదాఖ్ వెళ్తున్నారనీ, పాంగోంగ్ సరస్సు ఒడ్డున మంచి ఖరీదైన కాటేజీలో ఉంటారనీ తెలిసి సంతోషించాను. ఫొటోలు చూసే ఉంటారు. గోడంత అద్దం, అద్దం అవతల నీలంగా నీళ్లు, మంచం మీద బొద్దుగా రెండు రజాయిలు. అవన్నీ నిజంగానే ఉంటాయి. కానీ ఎంత డబ్బు కట్టినా ఆ గదిలో ఉండేది బయటి గాలే. ఈ ఒక్క సంగతీ అర్థమైతే అక్కడ ఎలా మసలుకోవాలో మీకే తెలిసిపోతుంది.

సరస్సు సముద్రమట్టానికి దాదాపు 4,250 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం విజయవాడలో ఉన్నదాంట్లో సుమారు 60 శాతమే. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడా 21 శాతమే, అది మారదు. గాలే పల్చన కాబట్టి ఒక్కో శ్వాసకు ఒంటికి అందేది తగ్గుతుంది. ఇది కళ్లారా చూడాలంటే ఢిల్లీలో కొన్న చిప్స్ ప్యాకెట్టు ఒకటి విప్పకుండా దాచి, చాంగ్ లా కనుమ మీద బయటికి తీయండి. దిండులా ఉబ్బి ఉంటుంది. షాంపూ సీసా కారేదీ, ఆవకాయ సీసా నూనె కక్కేదీ ఇందుకే. సీసాలో ఖాళీ ఎంత ఎక్కువ ఉంటే అంత గాలి వ్యాకోచించి నూనెను బయటికి నెడుతుంది. కాబట్టి అంచుదాకా నింపి, రెండు కవర్లు చుట్టి, చెక్-ఇన్ సామాన్లో నిలబెట్టి సర్దమని అమ్మతో చెప్పండి. చేతి సంచీలో పచ్చడి ఉంటే విమానాశ్రయంలో తీసేస్తారు.

వంటగదిలో మరో వింత. అక్కడ నీళ్లు 86 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో ఎసరు తెర్లుతూనే ఉంటుంది, బియ్యం మాత్రం పలుకు వీడదు. కందిపప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. మంట పెంచినా ఆవిరి ఎక్కువవుతుందే తప్ప నీళ్ల వేడి పెరగదు. అందుకే అక్కడ ప్రతి వంటింట్లోనూ కుక్కర్ ఉంటుంది. మూత బిగించాక లోపల పీడనం పెరిగి నీళ్లు 110 డిగ్రీలు దాటుతాయి. అయినా ఇంట్లో మూడు కూతలకు ఉడికే పప్పుకి అక్కడ ఇంకా ఎక్కువసేపు పడుతుంది. భోజనం ఆలస్యమైతే విసుక్కోకండి. తాగే నీళ్లు కాచుకుంటే తెర్లడం మొదలయ్యాక మూడు నిమిషాలు ఉంచాలి.

ఇప్పుడు అసలు విషయం. విమానం మిమ్మల్ని గంటన్నరలో ఢిల్లీ నుంచి లేహ్ చేరుస్తుంది. లేహ్ ఊరు 3,500 మీటర్లు. ఒంటికి అది పెద్ద దెబ్బ. మొదటి రెండు రోజులూ అక్కడే ఉండాలి, మొదటి రోజయితే గదిలోనే. పరుగులు వద్దు, మెట్ల మీద పందేలు వద్దు. మూడో రోజు లేహ్ చుట్టుపక్కల చూసి, ఆ తర్వాత నుబ్రా లోయకు వెళ్లండి. దారిలో ఖార్‌దుంగ్ లా కనుమ 5,359 మీటర్లయినా, నుబ్రాలో పడుకునే చోటు లేహ్ కంటే తక్కువ ఎత్తు, 3,100 చిల్లర. ముఖ్యమైనది పగలు ఎంత ఎక్కాం అన్నది కాదు, రాత్రి ఎంత ఎత్తున పడుకున్నాం అన్నది. 3,000 మీటర్లు దాటాక రాత్రికీ రాత్రికీ మధ్య 500 మీటర్లకు మించి పెరగకూడదని వైద్యులు చెప్తారు. లేహ్ నుంచి పాంగోంగ్‌కి ఒకేసారి 750 మీటర్లు. అందుకే లేహ్‌లో దిగిన రెండో రోజే సరస్సుకు తీసుకెళ్లే ప్యాకేజీలు ఎంత చవకైనా నేను ఒప్పుకోను. సరస్సు దగ్గర పడుకునేసరికి లదాఖ్‌లో కనీసం నాలుగైదు రాత్రులు గడిచి ఉండాలి.

ఎత్తు వల్ల జబ్బు చేయకుండా వేసుకునే డయామాక్స్ అనే మాత్ర గురించి ఎవరో ఒకరు చెప్తారు. పెద్దవాళ్లకు మామూలుగా 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి. పిల్లలకు బరువును బట్టి డాక్టరే లెక్కకట్టాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. వేసుకుంటే వేళ్లు చిమచిమలాడతాయి, ఒంటికి ఎక్కువసార్లు వస్తుంది, సోడా చప్పగా అనిపిస్తుంది. భయపడాల్సినవి కావు. బయల్దేరేటప్పుడు దగ్గూ జలుబూ గట్టిగా ఉంటే మాత్రం ప్రయాణం వాయిదా వేయమనండి. పిల్లల ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం అప్పుడే ఎక్కువ.

సరస్సు దగ్గర రాత్రి ఒకటి జరుగుతుంది, ముందే చెప్తున్నాను. పక్కన పడుకున్న అన్నయ్య ఊపిరి కొన్ని సెకన్లు ఆగిపోయినట్టుంటుంది. తర్వాత గబగబా నాలుగు పెద్ద శ్వాసలు, మళ్లీ నెమ్మది, మళ్లీ ఆగడం. మీకూ అలాగే జరిగి ఉలిక్కిపడి లేస్తారు. ఆ ఎత్తులో నిద్రలో ఇది చాలామందికి సహజం. రజాయి ముఖం మీదికి లాక్కోకుండా, తల కింద ఇంకో దిండు వేసుకుని పడుకోండి.

ఏది సహజం కాదో కూడా తెలియాలి. తలనొప్పికి తోడు వికారం, నీరసం, తల తిరగడం కలిస్తే అది కొండజబ్బు. ఈ నాలుగింటికీ 0 నుంచి 3 దాకా మార్కులు వేసి లెక్కగట్టే పద్ధతి ఉంది. దానికి పేరు కెనడా కొండల్లోని లేక్ లూయిజ్ అనే సరస్సు నుంచి వచ్చింది. ఆ ఒడ్డునా పేరుపడ్డ పెద్ద హోటలుంది. తలనొప్పితో కలిపి మొత్తం 3 గానీ, అంతకుమించి గానీ వస్తే జబ్బు ఉన్నట్టే. తగ్గేదాకా ఇంకా పైకి వెళ్లకూడదు. తలనొప్పిని అమ్మానాన్నల దగ్గర దాచకండి. ట్రిప్పు పాడవుతుందని దాచే పిల్లలే ఎక్కువ ఇబ్బంది పడతారు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నాలుగడుగులు తిన్నగా వేయలేకపోతే, మాట తడబడితే, మెదడు వాస్తోంది. ఈ రెండింట్లో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఆక్సిజన్ పెట్టి వెంటనే కిందికి దించాలి.

కిందికి అన్నాను కదా, పాంగోంగ్‌లో చిక్కు అక్కడే. లేహ్‌కి తిరిగి వెళ్లే దారి చాంగ్ లా మీదుగా, అంటే 5,360 మీటర్లు ఎక్కి దిగాలి. ఆయాసపడుతున్న మనిషిని కిందికి తెద్దామని ముందు 1,100 మీటర్లు పైకి తీసుకెళ్లడం! అందుకని మొదట వెళ్లాల్సింది 3,950 మీటర్ల ఎత్తున ఉన్న టాంగ్‌ట్సే అనే ఊరికి. అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. ఇంకా దిగాలంటే ష్యోక్ నది వెంబడి నుబ్రా వైపు దారి కనుమ ఎక్కకుండా పోతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు మంచు కరిగి ఆ దారికి అడ్డంగా వాగులు పొంగుతాయి కాబట్టి డ్రైవర్‌ని అడిగే నిర్ణయించుకోవాలి. కారు రాత్రంతా లాడ్జి దగ్గరే ఉండాలనీ, డీజిల్ నిండా ఉండాలనీ నాన్నతో చెప్పించండి.

చలి సంగతి. జూన్‌లోనూ తెల్లవారుజామున సున్నా దగ్గరికి పోతుంది. వేడినీళ్ల బ్యాగు ఇస్తారు. మూడింట రెండొంతులే నింపి, గాలంతా నొక్కి తీసి, మూత బిగించి పడుకునే పదినిమిషాల ముందు రజాయిలో పెట్టండి. ఫోనూ, మంచినీళ్ల సీసా కూడా రజాయిలోకే. కొన్నిచోట్ల బుఖారీ ఉంటుంది, పొగగొట్టం ఉన్న ఇనప పొయ్యి. గొట్టం పైకప్పు దాటి బయటికి పోవాలి, కిటికీ ఓ సందు తెరిచి ఉండాలి, పడుకునేముందు ఆర్పేయాలి. బొగ్గుల కుంపటి గదిలోకి తెస్తే వద్దని గట్టిగా చెప్పండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. దానివల్ల వచ్చే తలనొప్పి అచ్చం కొండజబ్బు తలనొప్పిలాగే ఉంటుంది. గదిలో ఉన్న అందరికీ ఒకేసారి తల నొప్పెట్టి, బయటికి వస్తే తేలికపడితే, తప్పు పొయ్యిది. మళ్లీ లోపలికి వెళ్లకుండా తలుపులన్నీ తెరిపించండి.

నీళ్ల దగ్గర కాస్త పొదుపుగా ఉండండి. ఎదురుగా 130 కిలోమీటర్లకు పైగా పొడవున్న సరస్సు ఉంది, కానీ ఆ నీళ్లు ఉప్పన. ప్రవాహం లోపలికి రావడమే తప్ప బయటికి పోయే దారి లేదు. ఆవిరయ్యేవి నీళ్లే, ఉప్పు మిగిలిపోతుంది. సబ్బూ, నురగా, మురికీ అంతే, చేరాయంటే అక్కడే ఉండిపోతాయి. స్నానం ఒకరోజు మానేసినా ఏమీ కాదు, చేస్తే ఒక బకెట్ చాలు. వేడినీళ్లు వేళప్రకారమే వస్తాయి. సెప్టెంబరు చివర్లో తెల్లవారి కొళాయి రాకపోతే పైపులో నీరు గడ్డకట్టిందన్నమాట. రాత్రే ఒక బకెట్ పట్టి ఉంచుకోండి.

ఉదయం సరస్సు ఒడ్డునున్న లుకుంగ్ అనే ఊరి దగ్గర చిత్తడి నేలలో తల వెనక రెండు నల్లచారలున్న బూడిదరంగు బాతులు కనబడతాయి. హిమాలయాలు దాటి చలికాలంలో మన దక్షిణాది చెరువుల దాకా వచ్చేవి ఇవే. నేలమీదే గూళ్లు పెడతాయి. తల ఎత్తి మీవైపు చూశాయంటే మీరు మరీ దగ్గరికి వెళ్లినట్టు. నాలుగడుగులు వెనక్కి వేయండి.

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లదాఖ్‌లో పనిచేయవు, ఒక ఫోన్ అయినా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. సరిహద్దు ప్రాంతం కాబట్టి ఆధార్ అందరి దగ్గరా ఉండాలి.

గది ఖరారు చేసేముందు నాన్న ఫోన్ చేస్తారు కదా, అప్పుడు మీరు పక్కనే కూర్చోండి. కిటికీలోంచి సరస్సు కనబడుతుందా అని అందరూ అడుగుతారు. మీరు మూడు అడిగించండి. ఆక్సిజన్ సిలిండర్ ఉందా, దాన్ని పెట్టడం తెలిసిన మనిషి రాత్రి అక్కడే ఉంటాడా? కరెంటు ఏ వేళ నుంచి ఏ వేళ దాకా? మంచు పడి చాంగ్ లా మూసేస్తే ఇంకో రాత్రి గది ఇస్తారా? సిలిండర్ మాట దగ్గర తడుముకుంటే ఇంకో లాడ్జికి ఫోన్ చేయమనండి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ